ఊరు లేని సముద్రం

మన మదనపల్లె వాళ్లకు సముద్రం దూరపు చుట్టం లాంటిది. ఏ పెళ్లికో, మొక్కుకో పోయినప్పుడు కనిపిస్తుంది. చెన్నై వెళితే మెరీనా, రామేశ్వరం వెళితే అగ్నితీర్థం. మోకాళ్ల దాకా దిగి, చీర కుచ్చిళ్లు తడుపుకుని, ఒక సీసాలో నీళ్లు పట్టుకుని వచ్చేస్తాం. మిగతా రోజులన్నీ కొండలూ, చెరువులూ, మార్కెట్ యార్డులో టమోటా లారీలూ... అంతే.

అలాంటిది ఈ మధ్య మన వైపు ఒక కొత్త మాట వినిపిస్తోంది. ‘అమెరికా పోయింటిమి కదా, పిల్లోళ్లు ఓడెక్కించినారు’ అని. కొడుకో కూతురో అక్కడ ఉద్యోగంలో ఉంటారు. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉందామని వెళతారు. మనవడి సెలవులకు అందరూ కలిసి ఫ్లోరిడా చేరి నాలుగైదు రోజులు క్రూజ్ ఓడలో తిరిగొస్తారు. ఆ తిరుగుడులో ఒక రోజు ఓడ కంపెనీ సొంత బీచ్‌లో దింపుతారు. బస్టాండుకి ఆర్టీసీ హోటల్ ఎలాగో, ఓడకు ఆ దీవి అలాగ!

అలా వెళ్లొచ్చిన వాళ్లు ముగ్గురు ఈ నెలలో నాకు తారసపడ్డారు. ముగ్గురూ వెళ్లింది ఒకే దీవికి కాదు. ముగ్గురి అభిప్రాయాలూ ఒకటి కాదు. అందుకే ఈ వారం ఆ ముచ్చట.

సొంత దీవి ఎందుకు?

ముందు అసలు విషయం చెప్పుకుందాం. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా అమెరికా రేవుల మధ్యే తిప్పి దింపడానికి వీల్లేదు. పెద్ద క్రూజ్ ఓడల్లో ఎక్కువ శాతం బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలతోనే నడుస్తాయి. కాబట్టి ఏదో ఒక పరాయి దేశం తాకి రావాల్సిందే. ఫ్లోరిడాకు కూతవేటు దూరంలో బహామాస్ దీవులున్నాయి. ఇంకేం కావాలి?

1977లో నార్వేజియన్ కంపెనీ అక్కడి గ్రేట్ స్టిరప్ కే దీవిలో ప్రయాణికులను దింపడం మొదలుపెట్టింది. 1998లో డిస్నీ వాళ్లు కాస్టవే కే తెరిచారు. 2019 మే నెలలో రాయల్ కరీబియన్ కంపెనీ 25 కోట్ల డాలర్లు పోసి కోకోకే దీవిని జారుడుబండల నీళ్ల పార్కుగా మార్చింది. 2025 జూలైలో కార్నివాల్ కంపెనీ గ్రాండ్ బహామా దీవిలో ‘సెలబ్రేషన్ కీ’ తెరిచింది. ఖర్చు సుమారు 60 కోట్ల డాలర్లు. నిలువెత్తు ఇసుక కోట లాంటి కట్టడం, పెద్ద పెద్ద మంచినీటి కొలనులు, పెద్దవాళ్లకు మాత్రమే అంటూ డబ్బు కట్టి వెళ్లే వేరే బీచ్... ఇదీ హంగామా.

కంపెనీల లెక్క సులువే. దీవి దగ్గరైతే చమురు ఆదా. ప్రయాణికుడు పెట్టే ఖర్చు ఊళ్లోని దుకాణానికి కాకుండా తిరిగి తమ గల్లాపెట్టెకే చేరుతుంది. సరే, లెక్క వాళ్లది. అనుభవం మనవాళ్లది. వినండి.

‘మోకాళ్లకు మర్యాద దొరికింది’

మదనపల్లెలో రిటైరైన హెడ్మాస్టరు గారు. వయసు 70 దాటింది. మోకాళ్ల నొప్పులు. ఆయన మాట స్పష్టం.

‘నేనైతే నూటికి తొంభై మార్కులు వేస్తాను. ఓడ తిన్నగా వంతెనకు ఆనుకుని నిలిచింది. పడవలోకి దిగే పని లేదు. లావు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఇసుక మీదే నీళ్ల దాకా తోసుకుపోయినారు. నా జన్మలో సముద్రంలో మొదటిసారి నడుము లోతు కూర్చున్నాను. అడుగడుక్కీ మరుగుదొడ్డి, ఒక్క కాగితం ముక్క కింద లేదు. మా ఆవిడ మెరీనాలో చెప్పులు పోగొట్టుకున్నది గుర్తుందా? ఇక్కడ చెప్పులు విప్పిన చోటే ఉన్నాయి.’

‘మరి తగ్గిన పది మార్కులు?’ అన్నాను.

నవ్వారు. ‘ఆవిడ డబ్బాలో పెట్టుకున్న పులిహోర ఓడలోనే వదిలేసి దిగమన్నారు. వండినవి దీవిలోకి తీసుకుపోకూడదంట. మధ్యాహ్నం అందరికీ ఉచితంగా పెట్టిన భోజనంలో మాకు దక్కింది బన్నూ, పుచ్చకాయ ముక్కలూ. నీడలో గది కావాలంటే అద్దె వేరే. ఆ అద్దె ఎంతో మా వాడు ఇప్పటికీ చెప్పలేదు. నేను రూపాయల్లోకి మారుస్తానని భయం!’

‘అంతా బాగుండాది. ఊరేది?’

పుంగనూరు అత్తమ్మ సంగతి వేరు. కూతురి కాన్పుకు వెళ్లి, మనవరాలికి ఏడాది నిండాక ఓడెక్కింది. ఆమెకు పుంగనూరు సంత తెలుసు, ఇంట్లో ఆవును తెలుసు, మనుషులతో మాట్లాడటం తెలుసు.

‘సముద్రం నీలంగా, అద్దం మాదిరి ఉండాది పాపా. బాగలేదని ఎట్ల చెప్పేది? కానీ దిగినప్పటి నుంచి వెతుకుతా ఉండా... ఈ ఊళ్లో గుడి యాడుంది, బావి యాడుంది, ఆడోళ్లు యాడ కూచుంటారు అని. మా పాప నగుతా చెప్పింది, ‘అమ్మా, ఇక్కడ ఊరు లేదు, మనం దిగినామని తెరిచినారు, మనం పోతే మూసేస్తారు’ అని. ఊరు లేని చోటికి పోయొస్తే ఏ ఊరు చూసినావంటే ఏమని చెప్పేది?’

అల్లుడి వాదన ఇంకోటి. ‘అదే కదత్తా సుఖం. బేరమాడే వాళ్లు లేరు, వెంటపడే వాళ్లు లేరు.’ దానికి ఆమె జవాబు ఇది: ‘వెంటపడేవాళ్లు లేకపోతే పలకరించేవాళ్లూ ఉండరు నాయనా.’

‘నాకది రెండో వంటిల్లు’

మూడో మనిషి ప్రయాణికుడు కాదు. కుప్పం కుర్రాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఓడలో వంటశాలలో చేరాడు. కాంట్రాక్టు ముగిసి, చెన్నైలో దిగి, రైలెక్కి ఇంటికొచ్చాడు.

‘అక్కా, వాళ్లకది సెలవు. మాకది పని ఎక్కువైన రోజు. తెల్లారకముందే ట్రేలన్నీ దీవి మీదికి మోయాల. ఎండలో పొయ్యి ముందర నిలబడాల. సాయంత్రం మళ్లీ అన్నీ ఓడలోకి. ఆ బీచ్‌లో నేను నీళ్లు తాకింది రెండే సార్లు. కానీ ఒకటి చెప్తా. ఆ జీతంతోనే ఇంటి మీద అప్పు తీరింది. దీవి వద్దని నేనెట్ల అనేది?’

ముగ్గురి మాటా నిజమే. అదే చిక్కు.

2010లో ఒక ప్రశ్న

ఈ చిక్కు కొత్తది కాదు. హైతీ దేశంలో లబాడీ అనే తీరాన్ని రాయల్ కరీబియన్ కంపెనీ 1986 నుంచి లీజుకు తీసుకుంది. చుట్టూ కంచె, కాపలా. 2010 జనవరి 12న హైతీలో ఘోర భూకంపం వచ్చింది. రాజధాని పోర్టో ప్రిన్స్ నేలమట్టమైంది. మూడు రోజులకే ఓడ మళ్లీ లబాడీలో ఆగింది.

ఆ రోజు ప్రయాణికులు రెండుగా చీలిపోయారు. ‘అటు శవాలు ఇంకా శిథిలాల కింద ఉంటే ఇటు ఇసుకలో పడుకుని భోజనం ఎలా సహిస్తుంది?’ అని ఓడ దిగనివాళ్లు కొందరు. ‘ఓడ రాకపోతే ఇక్కడ పనిచేసే వాళ్ల కూలీ కూడా పోతుంది కదా’ అని దిగినవాళ్లు కొందరు. అదే ఓడల్లో కంపెనీ బియ్యం, బీన్సు, నీళ్లు తెచ్చి దింపింది. ఆ రాబడిని సహాయానికి ఇస్తామంది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు? కంచె లేకపోతే ఆ ప్రశ్న అంత పదునుగా పుట్టేది కాదేమో.

మన గుమ్మం ముందుకు...

‘ఎక్కడో బహామాస్ గొడవ మనకెందుకు?’ అంటారా? ఓడలు మన వైపూ వస్తున్నాయి. 2022 జూన్‌లో విశాఖ నుంచి కార్డీలియా ఓడ కదిలితే జనం వింతగా చూశారు. 2023 సెప్టెంబరులో అక్కడ సుమారు 96 కోట్లతో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. పక్కనే ఋషికొండ బీచ్. శుభ్రతకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకుంది. 2023 జూలైలో అక్కడ 20 రూపాయల ప్రవేశ రుసుము పెట్టబోతే జనం ఊరుకోలేదు, ఆ ఆలోచన విరమించుకున్నారు. శుభ్రం కావాలి, కానీ సముద్రానికి టికెట్ వద్దు. మన జనం మనసులో మాట అదే.

అంత దూరం కూడా వద్దు, మన హార్స్‌లీ కొండే చూడండి. ఒకప్పుడు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర వేసవికి చల్లగా ఉంటుందని ఇల్లు కట్టుకున్నాడు. అంటే ఒక దొర సొంత విడిది మెల్లగా అందరి కొండ అయింది. అక్కడ కంచెలు కట్టి తీరాల్ని సొంతం చేసుకుంటుంటే, ఇక్కడ కథ తిరగబడి నడిచిందన్నమాట. ఆదివారం గాలిబండ మీద బెంగళూరు కారువాళ్లూ ఉంటారు, బి.కొత్తకోట నుంచి బైకు మీద వచ్చిన కొత్త జంటా ఉంటుంది. ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్మే అవ్వా ఉంటుంది. బండ పక్కన పారేసిన నీళ్ల సీసాలూ ఉంటాయి!

హెడ్మాస్టరు గారిని అదే అడిగాను. ‘ఏదో కంపెనీ వచ్చి కొండకు కంచె వేసి, అద్దంలా ఉంచుతామంటే ఒప్పుకుంటారా?’ చాలాసేపు ఆలోచించారు. ‘నా మోకాళ్లు ఒప్పుకుంటాయి. నేను ఒప్పుకోను. చక్రాల కుర్చీకీ, మరుగుదొడ్డికీ కంచె ఎందుకమ్మా? మనం ఆ సీసాలు పారేయకుండా ఉంటే చాలదా?’

పుంగనూరు అత్తమ్మ ఆ దీవి నుంచి ఒక్కటే తెచ్చుకుంది. తాటాకు లాంటి ఆకుతో అల్లిన చిన్న బుట్ట. దీవి చివర చిన్న కొట్టులో ఒక నల్లని పెద్దావిడ అమ్ముతోందట. ఇద్దరికీ భాష రాదు. ‘ఎంత మంది పిల్లోళ్లని వేళ్లు చూపించి అడిగినా. నాలుగు అనింది. నాకు మూడు అని చెప్పినా. ఇద్దరం నగుకుంటిమి.’

ఆ బుట్టలో ఇప్పుడు తమలపాకులు పెట్టుకుంటోంది. ఓడ పేరేమిటని అడిగితే మాత్రం ఆమెకు గుర్తులేదు.