కొవ్వు శాతం చూపే యంత్రాన్ని ఎంతవరకు నమ్మాలి?

తిరుమలలో తులాభారం చూడనివారు మన ప్రాంతంలో అరుదు. త్రాసు బరువును చెబుతుంది. అందులో కండరమెంత, కొవ్వెంత, నీరెంత అన్నది చెప్పదు. ఆ మూడింటినీ విడదీసి చూపుతామనే యంత్రాలు నేడు జిమ్‌లలోనూ, ఆరోగ్య శిబిరాలలోనూ కనిపిస్తున్నాయి. అవి పూర్తిగా నిరుపయోగమని నేననను. కానీ అవి చూపే అంకెను రోగనిర్ధారణగా భావించడం ప్రమాదకరమని నా అభిప్రాయం.

ఈ పద్ధతి పేరు బయోఎలక్ట్రికల్ ఇంపెడెన్స్. ఒక మిల్లీ ఆంపియర్ కంటె తక్కువ విద్యుత్తును, సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో, శరీరం గుండా పంపుతారు. నీరు, లవణాలు గల కండరంలో అది సులభంగా ప్రవహిస్తుంది. కొవ్వు దానిని అడ్డుకుంటుంది. యంత్రం నిజంగా కొలిచేది ఆ నిరోధాన్నే. దానికి ఎత్తు, బరువు, వయసు, లింగం జోడించి, సూత్రం ప్రకారం మిగిలినదంతా లెక్కగడుతుంది. కనుక కొవ్వు శాతం ఒక అంచనా మాత్రమే.

ఆ సూత్రాలలో అనేకం పాశ్చాత్య దేహాల ఆధారంగా రూపొందినవి. మన దేహాలు వేరు. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యుడ్కిన్ తమ వివరాలనే ప్రకటించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3, కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యుడ్కిన్‌కు 9.1 శాతం. సన్నగా కనిపించే మనవారికి మధుమేహం రావడంలోని రహస్యం కొంత ఇక్కడే ఉన్నది.

నీరు మారితే లెక్క తప్పుతుంది. వేసవిలో అలిపిరి నుండి 3550 మెట్లెక్కి, చెమటతో నీరు కోల్పోయిన వ్యక్తికి కొవ్వు పెరిగినట్లు యంత్రం చూపవచ్చు. ఇంతకంటె గంభీరమైనది దీనికి విపర్యయం. మూత్రపిండాలో, కాలేయమో దెబ్బతిని కాళ్లు వాచిన రోగిలో చేరిన నీటిని యంత్రం కండరంగా లెక్కించవచ్చు. లోపల కండరం కరిగిపోతున్నా, తెరపై అంకె బాగానే ఉంటుంది.

డయాలసిస్ రోగి శరీరంలో అదనపు నీటిని అంచనా వేయడానికి, అనేక పౌనఃపున్యాలతో పనిచేసే పరికరాలు వైద్యునికి తోడ్పడతాయి. అక్కడ కూడా రక్తపోటు, వాపు, ఊపిరి చూసిన తరువాతనే నిర్ణయం.

మీరు పరీక్ష చేయించుకోదలిస్తే ఉదయం పరగడుపున, మూత్రవిసర్జన చేసి, వ్యాయామానికి ముందు, ఎప్పుడూ ఒకే యంత్రంపై చేయించుకోండి. ఒక్కనాటి అంకెను కాక, నెలల తరబడి వచ్చే మార్పును గమనించండి. పేస్‌మేకర్ ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలి. ఆ కాగితం చూపి ఎవరైనా ప్రోటీన్ పొడి అమ్మజూపితే, ముందుగా ఒక టేపుతో నడుము కొలుచుకోండి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే, పొడి కొనడం మాని రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి.