21లో 18 అతడివే... అయినా!

చేతిలో కర్ర, గాల్లో బంతి, జట్టుకు పదిహేను మంది. చూడ్డానికి మన హాకీలా అనిపిస్తుంది. కానీ ఇందులో బంతిని చేత్తో పట్టొచ్చు, కర్ర అంచున నిలిపి పరుగెత్తొచ్చు, గాల్లో ఉండగానే బాదొచ్చు. ఐర్లాండ్ వాళ్లు ప్రాణం పెట్టే ఆ ఆట పేరు హర్లింగ్. బంతిని వలలోకి పంపితే గోల్... అంటే మూడు పాయింట్లు. అడ్డుకర్ర మీదుగా స్తంభాల మధ్య నుంచి దాటిస్తే ఒక పాయింటు.

మరో విశేషమేంటంటే, ఈ ఆటగాళ్లకు జీతాలుండవు. ఐపీఎల్‌లోలా వేలాలూ ఉండవు. చదువో ఉద్యోగమో చేసుకుంటూనే సొంతూరి క్లబ్బుకీ, సొంత కౌంటీకీ ఆడతారు. ఊరి పరువే వాళ్లకు పారితోషికం!

పశ్చిమ ఐర్లాండ్‌లోని గాల్వే కౌంటీ 1988 సెప్టెంబరులో ఆల్ ఐర్లాండ్ కప్పు గెలిచింది. మరుసటి నెలలోనే ఆ కౌంటీలోని పోర్టుమ్నాలో పుట్టాడు జో కానింగ్. ఇంట్లో అందరికీ హర్లింగే లోకం. అన్న ఓలీ గాల్వే జట్టులో పేరున్న డిఫెండర్. జో కూడా కర్ర పట్టాడు. కప్పు మాత్రం మళ్లీ గాల్వే గడప తొక్కలేదు.

కుర్రాడి జోరు చూసి అందరికీ ఆశ పుట్టింది. 2004, 2005ల్లో గాల్వే మైనర్ జట్టుతో వరుసగా రెండుసార్లు ఆల్ ఐర్లాండ్ విజేత. 2006లో పదిహేడేళ్లకే పోర్టుమ్నా క్లబ్బుతో జాతీయ టైటిల్. 2007లో అండర్-21 కిరీటం. ఇక మిగిలింది సీనియర్ కప్పే.

2008లో ఆ అవకాశమూ వచ్చింది. జులైలో కార్క్ జట్టుతో మ్యాచ్. పందొమ్మిదేళ్ల జో చెలరేగిపోయాడు. రెండు గోల్స్, పన్నెండు పాయింట్లు... మొత్తం పద్దెనిమిది! కానీ జట్టులో మిగతా వాళ్లంతా కలిసి చేసింది మూడే. గాల్వే స్కోరు 21, కార్క్ స్కోరు 23. గోల్‌కీపర్ బయటకు వెళ్లిపోయి పద్నాలుగు మందితో ఆడిన కార్కే గెలిచింది. ఆ ఏడాది ఉత్తమ యువ హర్లర్ అవార్డు జోకే దక్కింది. గాల్వే మాత్రం ఖాళీ చేతులతో మిగిలింది.

ఎంత మొనగాడైనా ఒక్కడే పదిహేను మంది పని చేయలేడని ఆ మ్యాచ్ తేల్చేసింది. అక్కడితో నిరాశపడి ఉంటే జో కథ చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. 2012 ఫైనల్లో చివరి క్షణాల్లో అతడు కొట్టిన ఫ్రీ షాట్‌తో స్కోరు సమమైంది. మళ్లీ ఆడితే కిల్‌కెన్నీ గెలిచింది. 2015 ఫైనల్లోనూ అదే ప్రత్యర్థి, అదే ఫలితం.

2017 సెమీఫైనల్లో టిప్పరరీ మీద అదనపు సమయంలో, మైదానం అంచు నుంచి జో పంపిన బంతి స్తంభాల మధ్య నుంచి దూసుకెళ్లింది. ఒక్క పాయింటుతో గెలుపు! ఫైనల్లో వాటర్‌ఫర్డ్‌ను ఓడించి, 29 ఏళ్ల తరవాత గాల్వే కప్పు అందుకుంది. ఆ ఏటి ఉత్తమ హర్లర్ జోనే. నాలుగేళ్ల తరవాత, 2021లో కౌంటీ జట్టు నుంచి తప్పుకున్నాడు.

అన్నట్టు, ఆ ఫైనల్లో గాల్వే సాధించిన 26 పాయింట్లలో సగానికి పైగా మిగతా ఆటగాళ్లవే!