నారాయణఖేడ్‌కు మట్టి రేస్ ట్రాక్ కావాలి

నారాయణఖేడ్ డివిజన్ ప్రజలకు, యువతకు, ప్రజాప్రతినిధులకు విజ్ఞప్తి



సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే 161వ జాతీయ రహదారి మన ప్రాంతం మీదుగానే పోతోంది. మంచి రోడ్డు చూస్తే కుర్రాళ్లకు బండి ఉరికించాలనిపిస్తుంది. తిట్టినా, చలాన్లు రాసినా ఆ మోజు చావదు. దానికి కంచె, హెల్మెట్, నియమం ఉన్న చోటు చూపాలి.

అలాంటి చోటుకు ఒక ఉదాహరణ: అమెరికాలోని అయోవా రాష్ట్రంలో నాక్స్‌విల్ అనే ఊరుంది. జనాభా దాదాపు 7,500. మన పట్టణం కంటే చిన్నది. అక్కడి జాతర మైదానంలో 800 మీటర్ల అండాకారపు నల్లమట్టి ట్రాక్ ఉంది. 1961లో మొదలైన నేషనల్స్ అనే కార్ల పోటీ ఆ ఊరికి పేరు తెచ్చింది. అందులో పరుగెత్తేవి స్ప్రింట్ కార్లు. ఇంజిన్ డ్రైవర్‌కు ముందుంటుంది, చక్రాల మీద మడ్‌గార్డులుండవు. బరువు 650 కిలోలకు అటూ ఇటూ, శక్తి దాదాపు 900 హార్స్ పవర్. అంటే మన పొలాల్లో తిరిగే ఇరవై ట్రాక్టర్ల బలం! సెల్ఫ్ ఉండదు, వెనక నుంచి మరో బండి నెడితేనే ఇంజిన్ అందుకుంటుంది. అమెరికా కార్ల రేసు పోటీ నాస్కార్‌లో విజేత అయిన కైల్ లార్సన్ ఇలాంటి మట్టి ట్రాకుల మీదే ఎదిగాడు.

మనకు ఇప్పుడే 900 హార్స్ పవర్ అక్కర్లేదు. కోయంబత్తూరులో కరివర్ధన్ అనే ఆయన మారుతి ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి అనే రేసు కార్లు కట్టించారు. వాటితో రేసులు మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన తొలి భారతీయుడయ్యాడు. చిన్న ఇంజిన్‌తో మనమూ మొదలుపెట్టవచ్చు.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన ‘ఫార్ములా-ఈ’ అనే విద్యుత్ కార్ల రేసు జరిగింది. మరుసటి ఏడు రద్దయింది. నగరం రోడ్లు మూసి జరిపే ఒక్కనాటి పోటీతో పల్లె కుర్రాడికి స్టీరింగ్ అందదు. ఊరి దగ్గర ఏడాది పొడవునా ఉండే ట్రాక్‌తోనే అందుతుంది.

మా డిమాండ్లు:

1. సాగుకు పనికిరాని ప్రభుత్వ భూమిలో, ఊళ్లకు దూరంగా 800 మీటర్ల మట్టి ట్రాక్ కట్టాలి. రైతు భూమి ఒక్క గుంట కూడా తీసుకోవద్దు.

2. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. అందుకే మట్టి పరీక్ష, ట్రాక్ డిజైన్ బాధ్యతను కంది ఐఐటీ నిపుణులకు అప్పగించాలి.

3. జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య నియమాల ప్రకారం గోడ, కంచె, అంబులెన్స్, ఫైరింజన్ ఉంటేనే పోటీలు జరపాలి.

4. ఐటీఐ విద్యార్థులకు, స్థానిక మెకానిక్కులకు వెల్డింగ్, ఇంజిన్ పనిలో శిక్షణ ఇవ్వాలి. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారుచేసే మహీంద్రా కంపెనీని ఇందులో భాగస్వామిని చేయాలి.

ప్రమాదం కాదా అని అమ్మానాన్నలు అడగడం న్యాయమే. రేసులో ప్రమాదం ఉంటుంది. కానీ రేసు కారులో డ్రైవర్ చుట్టూ ఉక్కు పంజరం ఉంటుంది, ఒంటికి బెల్టులుంటాయి, ఎదురుగా లారీ రాదు. రోడ్డు మీద బైకు నడిపే బిడ్డకు ఈ రక్షణ ఏదీ లేదు.

ప్రతి గ్రామసభలో దీనిపై తీర్మానం చేయించండి. వినతిపత్రం మీద సంతకం పెట్టండి. సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్ ప్రజావాణికి అందరం కలిసి పోదాం, రండి!

— నారాయణఖేడ్ ప్రాంత యువకులు, మెకానిక్కులు, తల్లిదండ్రులు