షెడ్డు తాళం తీయండి, ఆ ప్యానెల్ మేం చూస్తాం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మన ఏజెన్సీ ఐటీఐలో ఒక పాత సీఎన్‌సీ లేత్ ఉంది. ఎర్ర అలారం పడి ఆగిపోయింది. పైన టార్పాలిన్ కప్పి షెడ్డుకు తాళం వేశారు. టర్నర్ ట్రేడు పిల్లలు రెండేళ్లు ఆ షెడ్డు పక్కనుంచే నడిచి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తీసుకుని పోతున్నారు. అడిగితే ఒకటే జవాబు: "కంట్రోల్ పోయింది, కంపెనీవాళ్లు రావాలె, మీరు ముట్టుకోకుండ్రి." ఇప్పుడు దానికి ఇంకో మాట కలిసింది. పాతది కదా, స్క్రాప్ కింద తీసేద్దాం, కొత్తది వస్తది అని. మన గ్రూపులోనే కొందరు దానికి లైకులు కొడుతున్నారు. మేం ఒప్పుకోం.

అసలు "కంట్రోల్ పోయింది" అంటే ఏం పోయింది? దాని మీద ఉన్నది ఫానక్ జీరో-టి కంట్రోల్. తాళం పడకముందు సీనియర్లు తీసిన ఫొటోలో స్క్రీన్ మీద 401 నంబరు స్పష్టంగా ఉంది. సర్వో డ్రైవ్ నుంచి "రెడీ" సిగ్నల్ రావడం లేదని దాని అర్థం. బోర్డు కాలిపోయిందని కాదు! డ్రైవ్‌కి వచ్చే మూడు ఫేజుల్లో ఒకటి లేకపోయినా ఈ అలారమే వస్తది. మన దగ్గర గాలివాన కొడితే ఫేజు పోవడం కొత్తా? కాంటాక్టర్ లాగకపోయినా, ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయినా, ఫ్యూజు పోయినా, కేబుల్‌ని ఎలుక కొరికినా ఇదే రావచ్చు. ఇవన్నీ చూశాక కదా డ్రైవ్ బోర్డు దాకా పోవాలి. డ్రైవ్ మీద కూడా చిన్న లైటో, నంబరో ఉంటది, అది ఏం చూపిస్తుందో ఎవరైనా రాసి పెట్టారా? లేదు. 24 వోల్టుల సప్లై మీటరుతో కొలిచారా? అదీ లేదు. చూడకుండానే చచ్చిపోయిందని తేల్చారు.

కొత్తది వస్తే అన్నీ బాగుపడతాయి అనేవాళ్లకు ఒక ముచ్చట చెప్పాలి. ఈ కంట్రోల్‌లో పారామీటర్లన్నీ, అంటే ఏ యాక్సిస్ ఎంత దూరం పోవాలి, ఎంత వేగంతో పోవాలి, ఏ ఆప్షన్లు పని చేయాలి అన్నవన్నీ, బ్యాటరీ మీద బతికే మెమరీలో ఉంటాయి. ఆ బ్యాటరీ ఏదో జపాన్ నుంచి తెప్పించే వస్తువు కాదు. పెద్ద టార్చిలైటులో వేసే సెల్లులు మూడు, మొత్తం 4.5 వోల్టులు. ఊరి కిరాణా కొట్లో దొరుకుతాయి. అవి అయిపోవస్తుంటే స్క్రీన్ మీద బ్యాట్ అని మెరుస్తది. అప్పుడు మిషిన్ ఆన్‌లో ఉండగానే మార్చాలి, ఆఫ్ చేసి మార్చితే మెమరీ తుడిచిపెట్టుకుపోతది. అలా పోతే ఆ మిషిన్‌తో వచ్చిన పారామీటర్ షీటు చూసి అన్నీ మళ్లీ ఎక్కించాలి. పక్క మిషిన్ షీటు పనికిరాదు, దేనిది దానికే. తాళం వేసిన షెడ్డులో ఆ సెల్లులు ఎవరు మారుస్తున్నారు? ఆ షీటు ఏ బీరువాలో ఉంది? ఒక పాత ల్యాప్‌టాప్, ఒక సీరియల్ కేబుల్ ఉంటే ఆ లెక్కంతా సేవ్ చేసుకోవచ్చు.

కొత్త మిషిన్లలో కూడా బ్యాటరీ ఉంటది, ఫ్యాను ఉంటది, దాని ఫిల్టర్‌కి దుమ్ము పడతది. తెలంగాణ ప్రభుత్వం 2024లో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. మంచిదే, మన ఏజెన్సీకి ఇంకా రావాలె అని మేమూ అడుగుతున్నాం. కానీ సెల్లు మార్చే మనిషి లేని చోటికి కోటి రూపాయల మిషిన్ వచ్చినా దాని మీద కూడా టార్పాలినే.

ప్రమాదం అంటున్నారు. అవును, ప్రమాదమే. మెయిన్ ఆపిన తర్వాత కూడా డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో దాదాపు 300 వోల్టులు కొంతసేపు నిలిచి ఉంటాయి. అందుకే మెయిన్ ఆపి, దానికి తాళం వేసి, ఆగి, మీటరుతో కొలిచి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలని నేర్పాలి. అది నేర్పడానికే కదా ఐటీఐ ఉన్నది? గూడెంలో మన అన్నలు ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు వైరు ఎండు కర్రతో వేస్తుంటే ఏ సారుకీ ప్రమాదం గుర్తుకు రాదు. అదే పిల్లలు మీటరు పట్టుకుని చదువుకుంటామంటే గుర్తుకొస్తది!

మాకు అసలు కోపం ఇక్కడ. ట్రైబల్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ ఎక్కదు, పచ్చ బటన్ నొక్కడం వస్తే చాలు అనే లెక్క ఒకటి నడుస్తోంది. బటన్ నొక్కేవాణ్ణి కాంట్రాక్టర్ ఏ నెలైనా మార్చేయగలడు. ఆగిన లైనును నడిపించేవాడి కోసం రాత్రి రెండింటికి కంపెనీ బండి పంపిస్తది. మనల్ని మొదటి వరసలోనే ఉంచుతున్నారు. టర్నర్లను, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ పిల్లలను ఒకే మిషిన్ ముందు కూర్చోబెడితే, నెలల తరబడి క్లాసులో చెప్పేది ఈ ఒక్క అలారం నేర్పిస్తది. బాగుపడకపోయినా సరే, ఎక్కడ ఆగిందో పట్టుకోవడమే పాఠం. పని చేసే మిషిన్ మీద ఎవరూ ప్యానెల్ విప్పనివ్వరు, చెడిపోయినదే మనకు దొరికిన అవకాశం.

సోమవారం ప్రిన్సిపల్ సారుకు కాగితం ఇస్తున్నాం. స్క్రాప్ లిస్టులోంచి దాని పేరు తీసేయాలి, మెయింటెనెన్స్ మాన్యువల్, వైరింగ్ డయాగ్రామ్ లైబ్రరీలో పెట్టాలి, ఇన్‌స్ట్రక్టర్ ఎదురుగా వారానికి ఒక రోజు షెడ్డు తెరవాలి. ఐటీడీఏ పీవో గారికి కాపీ. సంతకాలకు ఆదివారం హాస్టల్ దగ్గరికి రండి. బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు కంపెనీల్లో మెయింటెనెన్స్‌లో ఉన్న మన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. రెండు ఆదివారాలు వచ్చిపోతే చాలు, బస్సు చార్జీ మేం వేసుకుంటాం. ఒక మంచి మల్టీమీటర్ కూడా పట్టుకురండి, ఇక్కడున్న దానికి ప్రోబులు లేవు.