పార్కుకు బదులు పైకం

మా కాలనీలో పిల్లల ఆటస్థలం నడివీధి. స్కూటరు వస్తే ఆట ఆగుతుంది, పోతే సాగుతుంది. కిటికీలో నిలబడ్డ తల్లుల ప్రాణాలు మాత్రం దీపాలు పెట్టేదాకా కుదుటపడవు.

పొలాన్ని ఇళ్ళ స్థలాలుగా కోసేవారు నూటికి పదిపాళ్ళు పార్కుకూ ఆటలకూ విడిచి, పురపాలక సంఘానికో పంచాయతీకో అప్పగించాలి. ఆ ముక్కను కూడా అమ్ముకున్న మహానుభావులు కోకొల్లలు. నగలు తాకట్టుపెట్టి కొనుక్కున్నవాణ్ణి వెళ్ళగొట్టలేరు కదా! అందుకని ప్రభుత్వాలు ‘క్రమబద్ధీకరణ’ అనే మంత్రం కనిపెట్టాయి. తెలంగాణలో 2015లో ఒకసారి చదివారు, 2020 ఆగస్టు 31న మళ్ళీ చదివారు. ఈ రెండోసారి పడ్డ దరఖాస్తులు సుమారు 25 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020లో ఇటువంటిదే వచ్చింది.

ఖాళీజాగా విడవనిచోట ప్లాటుదారు ప్లాటు విలువలో నూటికి 14 చెల్లించాలి. పదికి బదులు పద్నాలుగు! ఊరికి లాభమే అనిపిస్తుంది. అయితే తెలంగాణ లెక్కలో ఆ విలువ రిజిస్ట్రేషను నాటిది. కొన్నవాడికి అది న్యాయమే, కాదనను. మరి ఊరి మాటేమిటి?

200 గజాల ప్లాట్లు నూరున్నాయనుకోండి. గజం 500 ఉన్నరోజుల్లో రిజిస్ట్రేషను అయింది. ఒక్కొక్కరు కట్టేది 14 వేలు. నూరుగురిదీ కలిపితే 14 లక్షలు. ఇవాళ అక్కడ గజం 30 వేలైతే ఆ సొమ్ముకు 47 గజాలు కూడా రావు. విడవవలసింది కనీసం 2,000 గజాలు! పైగా 2025లో గడువులోగా కట్టినవారికి నూటికి 25 తగ్గించారు.

ఈ డబ్బుతో రోడ్డు వేయవచ్చు, మురుగుకాలువ కట్టవచ్చు, దీపస్తంభాలు నాటవచ్చు. అవీ కావలసినవే. కాని నేలను నాటలేం కదా!

ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. పురపాలక సంఘం వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టాలి. చేరవలసిన సొమ్ము ఆలస్యమైనా, కనీసం ఎవరిని నిలదీయాలో తెలుసు. పార్కు పైకానికి అటువంటి చిరునామా మా వీధిలో ఎవరికీ తెలియదు.

అందుకే వచ్చే ఆదివారం కాలనీ సంఘంలో ఒక అర్జీ రాస్తున్నాం. మా ప్లాట్ల మీద ఖాళీజాగా పేరిట ఎంత వసూలైంది, ఏ ఖాతాలో ఉంది, ఎంత ఖర్చయింది అని అడుగుతాం. సెలవుదినాల్లో బడి మైదానం తాళం తీయించమనీ రాస్తాం. దానికి పైకం అక్కరలేదు, తాళంచెవి చాలు.