ఇంటి దగ్గర పనికి కూడా గంట కొట్టాలి



“మీకేమండీ, ఇంటిపట్టునే ఉంటారు. ఎప్పుడంటే అప్పుడు చేసుకోవచ్చు.” ఈ మాట వారానికి ఒకసారైనా మా చెవిన పడుతుంది. అనేవారు ప్రేమతోనే అంటారు. మాలో ఆమె లేసు నమూనాలు అల్లుతుంది. ఆయన పుస్తకాల అట్టలకు, సండే స్కూలు పాఠాలకు, కేలండర్లకు బొమ్మలు వేస్తారు. ఇద్దరికీ నెల జీతం లేదు, ఆఫీసు లేదు. ఆర్డరు వస్తే పని, రాకపోతే లేదు. వసారాలో ఒక మూల ఆమె కుర్చీ, ఇంకో మూల ఆయన బల్ల. మధ్యలో అత్తయ్యగారి మంచం, మా అమ్మాయి పుస్తకాల సంచి.

నరసాపురం ప్రాంతంలో ఈ మాట ఈనాటిది కాదు. గోదావరి డెల్టాలో క్రోషియా అల్లిక నేర్పింది 19వ శతాబ్దంలో వచ్చిన మిషనరీలే. పేద స్త్రీలకు నాలుగు డబ్బులు చేతికి వస్తాయని నేర్పారు. తరువాత అది అన్ని రకాల ఇళ్ళలోకీ వెళ్ళింది, ఓడలెక్కి విదేశాలకూ వెళ్ళింది. 2024లో నరసాపురం లేసుకు జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. మేమూ సంతోషించాం. అయితే మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త ఇక్కడి లేసు స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకం వెలువరించారు. రోజుకు ఎన్ని గంటలు అల్లినా వీరిని పనివారుగా ఎవరూ లెక్కించరు, ఇంట్లో ఉండే గృహిణులు తీరిక వేళ చేసుకునే పనిగా చూస్తారు, కూలి అంత తక్కువగా ఉండడానికి అదొక కారణం అని ఆమె వాదన. ఆ పుస్తకం వచ్చి నలభై ఏళ్ళు దాటింది. “ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటుంది లెండి” అన్న మాట మా వీధిలో ఇంకా పోలేదు. బొమ్మలు వేసేవారి సంగతీ అంతే. “అది ఆయనకు సరదా” అంటారు. సరదా అన్నాక డబ్బులు అడగడం కష్టం.

ఇంటి దగ్గర చేసేది కూడా పనే అని, పనికి మొదలుపెట్టే వేళ ఉన్నట్టే ఆపే వేళ కూడా ఉండాలని మా అభిప్రాయం. ఈ సంగతి మాకు మంచి మాటలు విని తెలియలేదు. దెబ్బ తిని తెలిసింది.

మొదటి దెబ్బ చేతికి తగిలింది. రాత్రి రెండు గంటలప్పుడు ఆమెకు మెలకువ వచ్చేది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, సూదులతో గుచ్చినట్టు ఉండేవి. చేయి విదిలిస్తే కాస్త తగ్గేది. పక్షవాతమేమోనని అత్తయ్యగారు భయపడి ప్రార్థన చేయించారు. ఆసుపత్రిలో డాక్టరుగారు మణికట్టు మీద వేలితో తట్టి చూశారు, చిటికెన వేలికి తిమ్మిరి ఉందా అని అడిగారు. లేదు. మణికట్టు దగ్గర ఒక ఇరుకైన దారి ఉంటుందట. అందులోంచి వెళ్ళే నరం నొక్కుకుపోతే ఈ మూడు వేళ్ళకూ, ఉంగరం వేలిలో సగానికీ తిమ్మిరి వస్తుందట. చిటికెన వేలికి వేరే నరం. దీనిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. షుగరు, థైరాయిడ్ ఉన్నవారికి, గర్భిణులకు వచ్చే అవకాశం ఎక్కువ గనుక ఆ పరీక్షలు కూడా చేశారు. రాత్రివేళ మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవాలన్నారు, అల్లికలో మధ్యమధ్య చేతిని ఆపాలన్నారు. నిర్లక్ష్యం చేస్తే బొటనవేలి కింద కండ కరిగిపోయి పట్టు పోతుందని కూడా చెప్పారు. లేసు అల్లేవారికి ఆ పట్టు పోతే ఇక మిగిలేదేముంది?

“రోజుకు ఎన్ని గంటలు అల్లుతారమ్మా?” అని డాక్టరుగారు అడిగితే ఆమె చెప్పలేకపోయింది. ఎవరైనా లెక్క పెడితే గదా! బియ్యం ఎసట్లో వేసి అల్లుతుంది, పొంగితే లేస్తుంది, మళ్ళీ అల్లుతుంది. ఆయనా అంతే. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను వస్తుంది. “అన్నయ్యా, ఒక్క అక్షరం మారిస్తే చాలు.” ఆ ఒక్క అక్షరం కోసం కంప్యూటరు తెరిస్తే పదకొండున్నర అవుతుంది.

ఇటువంటివారికి పెద్దలు ఇచ్చే సలహా ఏదైనా మంచి అలవాటు పెట్టుకోమని. మొక్కలు పెంచండి, మనసు తేలికవుతుంది అంటారు. నిజమే, మేము కాదనం. మా మేడమీద బచ్చలి తీగ, గోంగూర, రెండు కరివేపాకు కుండీలు, ఒక మల్లె అంటు ఉన్నాయి. బచ్చలి కోసి పప్పులో వేసిన రోజున అమ్మాయి మారు అన్నం అడుగుతుంది. ఇక ఆయనకు మట్టిపాత్రలు చేర్చే పిచ్చి ఉంది. పిచ్చి అన్నది అత్తయ్యగారి మాట. పంటు దాటి అంతర్వేది వైపు వెళ్ళినా, ఏ ఊళ్ళో పని మీద దిగినా, కుమ్మరివారి ఇల్లు ఎక్కడని అడుగుతారు. పాలు కాచే దుత్త, మూతి చిన్నదైన కూజా, చేపల పులుసు చట్టి, ధాన్యం పోసుకునే పాత బాన, పిల్లలు డబ్బులు వేసుకునే మట్టి డిబ్బీ, ఊరగాయ జాడీలు అన్నీ కలిపి అరవై పైచిలుకు అయ్యాయి. సారె మీద తిరిగిన మట్టిపై కుమ్మరి వేలిగీత ఎక్కడ ఆగిందో చూడటం ఆయనకు ఇష్టం. బొమ్మ గీయడానికి అదే తనకు బడి అంటారు. ఇంట్లో చోటు చాలక సగం మేడమీదకు ఎక్కాయి.

ఇక్కడ జాడీల గురించి ఒక మాట. పైన గాజులా మెరిసే పూత ఉన్న పాత పాత్రలలో, రంగులు వేసిన అలంకారపు కుండలలో సీసం ఉండవచ్చు. పులుపు తగిలితే అది పదార్థంలోకి దిగుతుంది, చిన్నపిల్లల మెదడుకు చాలా హాని. ఎక్కడిదో తెలియని పాత్ర ఎంత అందంగా ఉన్నా అందులో చింతపండు పులుసు గాని, నిమ్మకాయ ఊరగాయ గాని పెట్టవద్దు. చూసుకోవడానికే ఉంచుకోండి.

రెండో దెబ్బ ఆ మేడమీదనుంచే వచ్చింది.

క్రిస్మసుకు విదేశాలకు వెళ్ళే లేసు మన వానాకాలంలోనే సిద్ధం కావాలి. కొత్త సంవత్సరపు కేలండర్ల పనీ దాదాపు అప్పుడే మొదలవుతుంది. అంటే మా ఇద్దరికీ ఒకేసారి ఊపిరాడని రోజులు. 2023లో అలా మూడు వారాలు మేమిద్దరం మేడ ఎక్కలేదు. వాన పడుతోంది గదా, మొక్కలకు నీళ్ళు అవే అందుతాయి అనుకున్నాం. ఆ వారాల్లోనే అమ్మాయికి జ్వరం తగిలింది. కళ్ళ వెనుక నొప్పి అంది, ఒళ్ళంతా నొప్పులంది. నాలుగో రోజున జ్వరం తగ్గింది. దేవునికి స్తోత్రం అనుకుని ఆమె సూది పట్టుకుంది, ఆయన బల్ల ముందు కూర్చున్నారు. సాయంత్రానికి పిల్ల కడుపునొప్పి అని మెలికలు తిరిగింది, ఆగకుండా వాంతులు. అప్పుడు ఆటోలో పరుగెత్తుకొచ్చాం. డెంగీ. జ్వరం తగ్గే ఆ రోజులే డెంగీలో ప్రమాదకరమైనవని మాకు తెలియదు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, బాగా నీరసించి మత్తుగా పడుకోవడం, వీటిలో ఏది కనబడినా జ్వరం లేదు గదా అని ఆగకూడదు. ఇంకో సంగతి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప, దుకాణంలో అడిగి తెచ్చిన వేరే నొప్పి బిళ్ళలు వేయకూడదు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఇంట్లో మిగిలిన నొప్పి బిళ్ళ ఒకటి మా చేతిదాకా వచ్చింది. అత్తయ్యగారు వద్దన్నారు గనుక సరిపోయింది.

దేవుని కృపవలన, నర్సమ్మల సేవవలన ఆరు రోజులకు బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాం. మర్నాడు ఆరోగ్య కార్యకర్త వచ్చి మేడ ఎక్కారు. ఆయన ఎంతో ముచ్చటపడి తెచ్చిన బానలో అడుగున జానెడు నీరు. తేటగా ఉంది. ఆ అమ్మాయి టార్చి వేసి చూపిస్తే సన్నని పురుగులు తోకలు ఆడిస్తూ కిందికీ పైకీ వెళుతున్నాయి. కూజాల్లో, చట్టిల్లో, మల్లెకుండీ కింద పళ్ళెంలో కూడా అవే. డెంగీ దోమకు మురుగు కాలువ అక్కరలేదు, ఇటువంటి తేట నీరే కావాలి. అది పగలు కుడుతుంది. గుడ్డునుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు పాత్ర లోపలి గోడకు అంటుకుని నీరు ఎండినా నెలల తరబడి ఉంటాయి గనుక నీరు పారబోస్తే చాలదు, లోపల పీచుతో గట్టిగా రుద్దాలి. ఆ రోజు మేమిద్దరం అరవై పాత్రలూ రుద్దాం. మాట్లాడుకోలేదు.

రాత్రికి పోట్లాట అయింది. “ఏమండీ, ఆ కుండలన్నీ గోదాట్లో పారేయండి” అని ఆమె. “నీ మొక్కల పళ్ళేల మాటేమిటి?” అని ఆయన. ఇద్దరివీ తప్పులే. కాని తరువాత ఆలోచిస్తే తప్పు కుండలదీ కాదు, మొక్కలదీ కాదు. పిల్లకు దగ్గరగా ఉండవచ్చుననే గదా ఇంట్లో పని పెట్టుకున్నాం! ఇంట్లోనే ఉండి మూడు వారాలు మేడమెట్లు ఎక్కలేకపోయాం. నాలుగో రోజు బిడ్డ ముఖం వంక సరిగా చూడలేకపోయాం. అలవాట్లు ఎన్ని ఉన్నా ఆపే వేళ లేని పని ముందు అవి కూడా బరువే. అవీ పాడవుతాయి, మనల్నీ పాడుచేస్తాయి. మొక్కలు పెంచమని సలహా ఇచ్చేవారు ముందు “పని ఎన్నింటికి ఆపుతున్నారు?” అని అడగాలి.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం ఆరింటికి నిజంగానే గంట కొడతాం. తీర్థంలో కొన్న మట్టి గంట అది, అమ్మాయి కొడుతుంది. ఆమె అల్లిక మీద తెల్లగుడ్డ కప్పేస్తుంది, ఆయన ఫోను అత్తయ్యగారి దిండు కింద పెడతారు. అక్కడినుంచి తీసే ధైర్యం మాకెవరికీ లేదు. తరువాత మేడమీదకు. పాదులు తవ్వేటప్పుడు చెప్పులు వేసుకుంటాం, షుగరు ఉన్న అత్తయ్యగారిని ఉత్త కాళ్ళతో మట్టిలోకి దిగనివ్వం. ఆరోగ్య శాఖవారు చెప్పే శుక్రవారపు డ్రై డే రోజున అన్ని పాత్రలూ బోర్లిస్తాం, పళ్ళేలు కడిగి ఆరబెడతాం. అరగంట పని. పగలు ఇరవై నిమిషాలకోసారి కన్ను ఎత్తి ఇరవై అడుగుల దూరంలో ఉన్న దానిని ఇరవై సెకన్లు చూస్తాం. మాకు అది ఎదురింటి కొబ్బరిచెట్టు.

దీనికి వెల కట్టాం. రాత్రి ఫోను ఎత్తడం లేదని ఒకాయన పని ఇవ్వడం మానేశారు. ఆ నెల చిట్టీ కట్టడానికి అప్పు చేశాం. తరువాత వేరే పని వచ్చింది. అందరికీ అలా వస్తుందని మేము చెప్పలేం. గజాల లెక్కన కూలికి అల్లుకునే చెల్లెళ్ళకు గంట కొట్టి ఆపేయండని చెప్పడం మాకు నోరు రాదు. వారికి ముందు కూలి పెరగాలి. అయినా వసారాలో వెలుతురు, వీపుకు ఆనుడు ఉన్న కుర్చీ, ఇంట్లో మగవారు అన్నం వార్చడం, వీటికి ఏజెంటును అడగనక్కరలేదు.

ఇక మన సంఘం గురించి. కోపం తెచ్చుకోకండి. శనివారం రాత్రి ఎనిమిదింటికి “రేపటి ఆరాధనకు బ్యానరు కావాలి బ్రదర్, ప్రభువు పని గదా” అని అడిగేది మనమే. యూత్ మీటింగుకు పోస్టరు, స్త్రీల కూడికకు టేబుల్ క్లాతు, అన్నీ ఆఖరి రోజునే గుర్తొస్తాయి, డబ్బు మాట ఎవరూ ఎత్తరు. ప్రభువు పనికి ఉచితంగా చేయడం మాకు సంతోషమే. కాని పది రోజులు ముందు చెప్పండి. ఇవ్వగలిగిన చోట ఇవ్వండి. ఆదివారం ఉదయం కళ్ళు మంటలతో చర్చిలో తూలే మనిషిని తయారుచేసింది మీ బ్యానరే కావచ్చు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పేలోని దొర్కాను గూర్చి స్త్రీల కూడికల్లో ఎన్నోసార్లు విన్నాం. విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన వస్త్రాలను పేతురుకు చూపించిన సంగతి అందరికీ తెలుసు. ఆమె జబ్బుపడిందని కూడా అక్కడే వ్రాసి ఉంది. ఆ మాటను మనం చదువుతూ దాటిపోతాం. ఆమె కుట్టేటప్పుడు పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించినవారు ఎందరో, “ఇవాళ్టికి చాలమ్మా” అన్నవారు ఎవరైనా ఉన్నారో లేదో వ్రాయలేదు.

కుండల సంగతి తేల్చలేదు కదూ. ఇరవై ఉంచుకున్నాం, అన్నీ ఇంట్లోనే, చూరు కింద అరల మీద. బాన కూడా ఉంది, అమ్మాయి దానిని క్షమించింది. మిగిలినవాటిని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, సన్నని మేకుతో నెమ్మదిగా తొలిచి, అడుగున రంధ్రాలు చేశాం. మూడు పగిలాయి. తక్కినవి వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం వరండాలో ఉంటాయి. ఒక్కొక్కదానిలో బచ్చలి తీగ ముక్క గుచ్చాం. కావలసినవారు తీసుకువెళ్ళండి, కింద పళ్ళెం మాత్రం పెట్టకండి.