సాక్షి బోనును పోలీస్ స్టేషన్‌కు తరలించొద్దు!



పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టంలో తెల్లదొరలే రాశారు. స్టేషన్ గోడల మధ్య మనిషి నోరు ఎలా తెరుచుకుంటుందో వాళ్లకు బాగా తెలుసు. ఆ మాట కొత్త భారతీయ సాక్ష్య అధినియంలోనూ 23వ సెక్షన్‌గా నిలిచే ఉంది. మరి అదే స్టేషన్‌లో కూర్చుని కెమెరా ముందు సాక్షి చెప్పేది సాక్ష్యం ఎలా అవుతుంది?

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్షిని వీడియోలో విచారించవచ్చంది. ఎక్కడి నుంచి? రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన చోటు నుంచి. ఆ చోటు ఎలాంటిదై ఉండాలో చట్టం చెప్పలేదు. 2025 ఆగస్టు 13న ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్ నోటిఫికేషన్ పోలీసుల సాక్ష్యం కోసం ఆ ఖాళీని పోలీస్ స్టేషన్లతో నింపింది. అక్కడి జిల్లా కోర్టుల లాయర్లు విధులు బహిష్కరించి రోడ్డెక్కారు. ఆ తర్వాతే, పోలీసులు స్వయంగా కోర్టుకొచ్చి సాక్ష్యం చెబుతారన్న ఉత్తర్వు వచ్చింది. ఇలాంటి నోటిఫికేషన్‌కు అసెంబ్లీలో చర్చ అక్కర్లేదు. మన దగ్గరా ఒక్క జీవో చాలు!

క్రాస్ ఎగ్జామినేషన్ ఎలా నడుస్తుందో ఒకసారి కోర్టు హాల్లో నిలబడి చూడండి. "పంచనామా ఎక్కడ కూర్చుని రాశారు?" అని అడుగుతాం. దర్యాప్తు అధికారి జవాబివ్వకుండా పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారి వైపు చూస్తాడు. ఆ చూపు జడ్జి గారి కంట పడుతుంది. జ్ఞాపకం తెచ్చుకోవడానికి ఆయన కేసు డైరీ తిప్పితే, ఆ పేజీ మాకూ చూపించమని అడిగే హక్కు సంహిత 192వ సెక్షన్ ఇచ్చింది. స్టేషన్‌లో ఆయన టేబుల్ కింద ఏ పేజీ తిప్పుతున్నాడో స్క్రీన్ మీద ఎవరికి కనబడుతుంది? మధ్యవర్తిగా సంతకం పెట్టిన పాన్‌షాపు మనిషి "ఖాళీ కాగితం మీద పెట్టించుకున్నారు సార్" అని చెప్పాల్సిన రోజున, ఆ సంతకం తీసుకున్న ఎస్సై గారే కుర్చీ వెనుక నిలబడితే నోరు పెగులుతుందా? ఇక సాక్షిని ఇరుకున పెట్టే ప్రశ్న పడగానే నెట్ పోయిందనుకోండి. జవాబు సర్దుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

కెమెరా ఉంటుందిగా, భయమెందుకు అంటున్నారు. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020లోనే ఆదేశించింది. ఆ ఫుటేజీ కావాలని పిటిషన్ వేసి చూడండి, కెమెరా ఆ రోజే పాడైందంటారు!

లాయర్లు ప్రతిదానికీ అడ్డుపడతారనే మాట ఎటూ వస్తుంది. వీడియో సాక్ష్యం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. అమెరికాలో ఉన్న డాక్టరు సాక్ష్యం గురించిన కేసు అది. దాన్ని మేం కాదనడం లేదు. పోస్టుమార్టం చేసి బదిలీ అయిపోయిన డాక్టరు, ల్యాబ్ నిపుణుడు, మంచాన పడ్డ ముసలి సాక్షి దూరం నుంచి చెబితే మాకూ మేలే, వాయిదాలు తగ్గుతాయి. బందోబస్తు వదిలి వచ్చిన కానిస్టేబుల్ రోజంతా వరండాలో పడిగాపులు కాయడం కూడా మాకు తెలుసు. అందుకు మందు స్టేషన్ కాదు. ఆయన ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి కోర్టు నుంచి చెప్పనివ్వండి. పక్కన కోర్టు ఉద్యోగి ఉండాలి, గది మొత్తం కెమెరాలో కనబడాలి, నిందితుడి తరఫు లాయరుకు ఆ గదిలోకి ప్రవేశం ఉండాలి. ముఖ్య సాక్షులూ, దర్యాప్తు అధికారీ మాత్రం బోనెక్కాల్సిందే. జైలు నుంచి స్క్రీన్ మీద విచారణ చూసే ముద్దాయి తన లాయరుతో చెవిలో మాట చెప్పుకునే ఏర్పాటు కూడా కావాలి. ఇప్పుడు వాళ్లు మాట్లాడుకోవాలంటే హాలంతా వినాల్సిందే.

ఇలాంటి నిబంధనలు పోలీసు శాఖ, ప్రాసిక్యూషన్ కూర్చుని తేల్చేవి కావు. ముసాయిదాను తెలుగులో బయట పెట్టాలి. అభ్యంతరాలకు గడువివ్వాలి. బార్ అసోసియేషన్లనూ, జైలు ముద్దాయిల తరఫున వాదించే లీగల్ ఎయిడ్ లాయర్లనూ పిలిచి వినాలి.

గట్టు తగాదాలో పేరెక్కిన రైతన్నా, మొగుడి మీద కేసు పెట్టి న్యాయం కోసం తిరుగుతున్న చెల్లెమ్మా, ఇది మీ ఇద్దరి విషయమే. స్టేషన్ నుంచి సాక్షి ఎవరి పక్షాన మాట్లాడతాడో ఆ రోజు అక్కడున్న అధికారిని బట్టి ఉంటుంది.

కోర్టు గేటు పక్కన సంతకాల టేబుల్ ఉంది. వినతిపత్రం హోం శాఖ ముఖ్య కార్యదర్శికీ, హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కూ వెళుతుంది. వాయిదాకు వచ్చినవాళ్లు సంతకం పెట్టి వెళ్లండి. రాలేనివాళ్లు ఒక కార్డు ముక్క మీద "సాక్ష్యం కోర్టులోనే" అని రాసి, పేరూ ఊరూ వేసి, మీ ఎమ్మెల్యే ఇంటికి పోస్టు చేయండి. జూనియర్ లాయర్లు మండలానికి ఇద్దరు చొప్పున పేర్లివ్వాలి, సంత రోజున కరపత్రాలు పంచడానికి.

— క్రిమినల్ కేసుల్లో డిఫెన్స్ న్యాయవాదులు